గేటు దాటాల్సిన ఎర్ర కారు

కొనాలనుకున్న వస్తువు వంక చూడకూడదు. ఈ విద్య నాకు మాటలతో పాటే వచ్చింది. తెనాలిలో మా నాన్నది కిరాణా కొట్టు, పక్కనే పెదనాన్న ఇత్తడి సామాను, ఎదురుగా మేనమామ బట్టల దుకాణం. ఆ మూడింటి మధ్య వీధిలో పెరిగాను. చింతపండు కావాలంటే ముందు ధనియాలు అరచేతిలో నలిపి పెదవి విరవాలి. తర్వాత మినప్పప్పులో పుచ్చు వెతకాలి. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, గుమ్మం దాటబోయే ముందు, "ఆ చింతపండు ఎంతకిస్తారేంటి?" అని గాలిలోకి అనాలి. అలాంటి ఇంట్లో పుట్టి, తొంభైల్లో ఢిల్లీలో ఒక కంపెనీ పర్చేజ్ సెక్షన్‌లో బేరాలాడే ఉద్యోగమే చేస్తూ, జనక్‌పురిలో కింది వాటా ఫ్లాట్‌లో కాపురముంటున్న నేను, నడవని కారొకటి కొన్నాను. కొనేటప్పుడు దాని వంక చూడలేదు. అదే కొంప ముంచింది.

నిజానికి నేను వెళ్ళింది కూలర్ కోసం. దసరా వెళ్ళాక ఢిల్లీలో కూలర్‌కి విలువుండదు. గాలి చల్లబడగానే జనం దాన్ని మేడ మీదికి తోసేస్తారు. అప్పుడు కొనడమే తెలివి అని నా లెక్క. పేపర్లో ప్రకటన చూసి రజౌరీ గార్డెన్‌లో ఒక పాత కోఠీకి, అంటే బంగళాకి, వెళ్ళాను. గారేజీలో కూలర్ ఉంది. దాని వెనక పాత రజాయిలూ, విరిగిన మంచమూ పడేసిన గుట్ట ఒకటుంది. రజాయి అంచు జారిన చోట ఒక గుండ్రటి హెడ్‌లైటు కనిపించింది. దాని పక్కన పొడుగాటి ముక్కు.

ఆ ముక్కు నాకు తెలుసు. మా ఆవిడ పుట్టింట్లో, కంటోన్మెంట్ క్వార్టర్లో, ముందు గది గోడకి ఒక ఫోటో ఉండేది. సన్నగా గడకర్రలా ఉన్న కుర్ర సిపాయి ఒకడు రెండు సీట్ల ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు పక్కన నిలబడి ఉంటాడు. పైకప్పు లేని కారు. అతని చెయ్యి బానెట్ మీద ఉన్నట్టే ఉంటుంది గాని, దగ్గరికెళ్ళి చూస్తే ఆనదు, వేలెడు ఎత్తులో ఆగి ఉంటుంది. ఆ సిపాయి మా మామగారు. సైన్యం వర్క్‌షాపులో మెకానిక్‌గా చేరిన కొత్తల్లో ఒక ఆఫీసరుగారి కారు అది. దాని ఇంజిన్ ఎన్నిసార్లు విప్పి బిగించినా, వర్క్‌షాపు ఆవరణలో తిప్పి చూడ్డం వరకే ఆయన వంతు. గేటు దాటితే స్టీరింగు ఆఫీసరుదో, ఆఫీసరు డ్రైవరుదో. ఈ సంగతి ఆయన ఎప్పుడూ బాధగా చెప్పలేదు. అసలు ఆయన చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది.

నేను వెంటనే కూలర్ వైపు తిరిగాను. గడ్డి నొక్కి చూశాను. మోటారు తిప్పాను. తుప్పు గీకాను. ఇంటి ఆంటీ, తెల్ల సల్వార్ కమీజ్‌లో చిన్న పేము మోడా మీద కూర్చుని, బఠాణీలు ఒలుచుకుంటూ నన్నే చూస్తోంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, నా హిందీలో, "ఆ రజాయిల కింద ఏదో తుక్కు ఉన్నట్టుంది, తీయించి పారేయమంటారా?" అన్నాను.

ఆంటీ బఠాణీ ఒకటి నోట్లో వేసుకుంది. "బేటా, మాది చాందినీ చౌక్‌లో మూడు తరాల దుకాణం. కూలర్‌ని అంతసేపు చూసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కారు కావాలా?"

ఆ తర్వాత జరిగింది బేరం అనడానికి నాకు మొహం చెల్లదు. కారుతో పాటు కూలరూ, కూలర్‌తో పాటు ఆ విరిగిన మంచమూ నాకే వచ్చాయి. రజాయిలు మాత్రం ఆవిడ ఇవ్వలేదు. "చలికాలం వస్తోంది బేటా" అంది.

కారుని ట్రక్కు మీద ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ అప్పుడే స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి వాకిట్లో నిలబడింది. ఎలుకలు కొరికిన సీటూ, చిల్లు పడ్డ నేలా, ఇంజిన్ మీద పిచ్చుక గూడూ చూసింది. అప్పుడు చుట్టూ తిరిగివచ్చి, బానెట్ మీద చెయ్యి ఆనించి, "నాన్న జనవరి ఆఖరున రిటైరవుతున్నారు కదండీ" అంది.

ఆ ఒక్క మాటతో మా చలికాలం ఎలా గడవబోతోందో తేలిపోయింది.

సైన్యంలో ఒక ఆచారం ఉంది. యూనిట్‌లో పెద్దమనిషి రిటైరైన రోజు ఆయన్ని పూలదండలతో బండిలో కూర్చోబెడతారు. ఇంజిన్ ఆపేసి, బండి ముందు తాళ్ళు కట్టి, కింది వాళ్ళందరూ కలిసి గేటు దాకా లాక్కెళతారు. మన ఊళ్ళో రథం లాగినట్టే. గేటు దగ్గర తాళ్ళు విప్పుతారు. అక్కణ్ణుంచి ఇంజిన్ స్టార్ట్ చేసుకుని ఆ మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు. మా మామగారు అప్పటికి సుబేదార్ మేజర్. ఆయన్ని ఈ కారులో లాగాలని, గేటు దగ్గర ఆయనే స్టార్ట్ చేసి, ఆయనే స్టీరింగ్ పట్టి బయటికి పోవాలని మా ఆవిడ కోరిక.

మామగారు ఆదివారం వచ్చి కారు చూశారు. చుట్టూ నడిచారు. వంగి కిందికి చూశారు. లేచి, చేతులు దులుపుకుని, కూతురితో అన్నారు. "గేటు కాడ స్టార్టయితే కూకుంటానమ్మా. ముప్పయ్యేళ్ళు ఇంజిన్లు బాగు సేసినోడు సివరాకరికి ఆగిపోయిన బండిలో కూకుంటే ఏటి బాగుంటాది? స్టార్టవదని అనుమానముంటే ముందే సెప్పీమను మీ ఆయన్ని. జీపులో పోతాను."

నేను ఆయనకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. వాళ్ళది శ్రీకాకుళం వైపు, మాది తెనాలి కొట్ల బజారు. ఆయన పెళ్ళికి ఒక్క మాట అడ్డు చెప్పకుండా ఒప్పుకున్నారు, కాని నాతో మాట్లాడటానికి మాత్రం ఒప్పుకోలేదు. కోపం కాదు. మర్యాద. అల్లుడికి పని చెప్పకూడదు, తప్పు పట్టకూడదు, ఎదురు ప్రశ్న వేయకూడదు. "బాగున్నారా బాబూ", "భోంచేసారా బాబూ", ఇంతవరకే నేరుగా. మిగతాదంతా కూతురి మీదుగా. నేనూ తక్కువ తినలేదు. మామగారికి సలహా ఇవ్వడమేమిటని, నా జవాబులన్నీ అటే పంపేవాణ్ణి. ఇద్దరు మనుషులు భోజనాల దగ్గర ఉప్పు అడగడానికి ఇలాంటి ఏర్పాటు చాలు. ఇంజిన్ విప్పడానికి చాలదు.

అయినా మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం ఆయన సైకిల్ మీద కంటోన్మెంట్ నుంచి జనక్‌పురి వచ్చేవారు. నేను కారు కింద, ఆయన కారు పైన, మా ఆవిడ గుమ్మంలో పీట మీద కూర్చుని చిక్కుళ్ళు తరుగుతూ.

"అమ్మా, మీ ఆయన్తో సెప్పు. ఆ నట్టు అలగ బిగిత్తే తెగిపోద్ది."

"ఏమండీ, నాన్న ఆ నట్టు అలా బిగించొద్దంటున్నారు."

"విన్నాను. ఏ నట్టో అడుగు."

"నాన్నా, ఏ నట్టు అంటున్నారు."

"ఇప్పుడు తెగింది సూడు, ఆ నట్టు."

ఆయనవన్నీ సరైన మాటలేమీ కావు. సైన్యంలో బండి పేలిపోయినా మరలు ఊడకూడదు కాబట్టి, ఆయన ప్రతిదీ ఒంటి బరువంతా వేసి బిగించేవారు. సైలెన్సర్ బోల్టు ఒకటి అలాగే ఆయన చేతిలో విరిగింది. దాన్ని తియ్యడానికి మూడు ఆదివారాలు పోయాయి. "అది ముందే పగుళ్ళిచ్చి ఉంటాది, మీ ఆయన్తో సెప్పమ్మా" అన్నారు. మా ఆవిడ నా వైపు తిరిగి, "మీరు ఏమీ అనకండి" అంది. అది ఆయన పంపిన మాట కాదు, సొంత మాట.

సామాన్ల పని మాత్రం నాది. కాశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారు అంటే నాకు పుట్టిల్లు. ఆ గొందుల్లో తలుపంత వెడల్పు కొట్లు, గోడలనిండా వేలాడే రబ్బరు గొట్టాలు, గ్రీజు వాసన, ఇత్తడి గ్లాసుల్లో చాయ్. పాత కార్ల ర్యాలీలకు వెళ్ళే ఒక పెద్దమనిషి, మా కాలనీలోనే ఉండేవాడు, నా కారు చూసి ముచ్చటపడి, ప్రతి సామానూ ఇంగ్లండు నుంచి తెప్పించాలని, లేకపోతే దీనికి విలువుండదని హెచ్చరించాడు. నా కొట్టు బుర్ర వెంటనే ఊ కొట్టింది. ఒరిజినల్ సరుకైతే రేపు అమ్మితే పలుకుతుంది కదా! ఆ మాట ఇంట్లో అన్నాను.

మామగారు కార్బురేటర్ కడుగుతున్నారు. తల ఎత్తలేదు. "అమ్మా, మీ ఆయన్ని అడుగు. ఇది నడపడానికా, అద్దాల బీరువాలో పెట్టడానికా?"

మా ఆవిడ అడగలేదు. నా వంక చూసింది. నేను ఇంగ్లండు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత తెలిసింది అసలు చమత్కారం. దొరగారి కారు, రెండు సీట్లు, పొడుగు ముక్కు, అంతా బాగానే ఉంది, లోపల ఇంజిన్ మాత్రం మన అంబాసిడర్ ఇంజిన్‌కి సొంత అన్న! పిస్టన్ రింగులు, వాల్వులు, వాటర్ పంపు, చాలావరకు అవే పట్టేస్తాయి. కాశ్మీరీ గేట్‌లో ఒక కొట్టు లాలాజీతో నేను అంబాసిడర్ గురించే బేరమాడేవాణ్ణి. స్పోర్ట్స్ కారు అని పొరపాటున కూడా అనలేదు. అంటే ధర కోటు తొడుక్కుంటుంది. "టాక్సీ డ్రైవరువా భయ్యా?" అని అడిగాడు ఒకసారి. "అలాంటిదే" అన్నాను. ఒక చాయ్ కూడా ఇప్పించాడు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "నాన్నకి మెకానిక్కు, బజార్లో టాక్సీ డ్రైవరు. మా స్కూల్లో మాత్రం మిమ్మల్ని పర్చేజ్ ఆఫీసర్ అని చెప్పాను" అంది.

బేరంలో నా ఘనత ఎంతటిదో ఎడమ తలుపు చెబుతుంది. రంగు ఒకేచోట కొంటే తగ్గించరని, సగం ఒక కొట్లో, సగం ఇంకో కొట్లో, ఒకడి ధర ఒకడికి చెప్పి కొన్నాను. రెండూ ఎరుపే. వేసి ఆరాక చూస్తే కారంతా ఒక ఎరుపు, ఎడమ తలుపు ఇంకో ఎరుపు. ఆ తలుపు ఎప్పుడూ కాస్త సిగ్గుపడుతున్నట్టుండేది. మామగారు అది చూసి ఏదో అనబోయి, అల్లుడి రంగు కదా అని ఆగి, "అమ్మా, ఎండలో బాగుంది" అన్నారు. పై వాటా పంజాబీ ఆంటీ అప్పటికే ఎండ బాగా తగులుతోందని కనిపెట్టి, బానెట్ మీద గుడ్డ పరిచి వడియాలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఏదైనా విప్పాలంటే ముందు ఆవిడ అనుమతి కావాలి. "పదకొండింటికి తీసేస్తాను బేటా, అప్పటిదాకా కింద పని చేసుకో" అనేది.

డిసెంబరు చివర ఒక ఆదివారం ఇంజిన్ మొదటిసారి పలికింది. ఒక దగ్గు, నల్లటి పొగ, మళ్ళీ దగ్గు, తర్వాత గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టు ఒక శబ్దం. మామగారు బానెట్ మీద చెయ్యి పెట్టారు. ఈసారి ఆనించారు. ఇంజిన్ వణుకు ఆయన మోచేతి దాకా పాకడం నేను చూశాను. ఫోటో సంగతి నాకు గుర్తున్నట్టు ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పాలంటే మళ్ళీ గుమ్మం మీదుగా చెప్పాలి.

అంతా బాగున్నప్పుడే మా ఆవిడకి విసుగొచ్చింది.

కారణం చిన్నదే. బ్రేకులు సరిచేస్తున్నాం. "తొక్కమను" అని ఆయన, "తొక్కాను అని చెప్పు" అని నేను, "ఒదిలీమను" అని ఆయన, "వదిలాను అని చెప్పు" అని నేను. పొయ్యి మీద పులుసు పొంగుతోంది. ఆవిడ అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి, చివరికి గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బస్! ఇక నేను ఒక్క మాట కూడా మోయను. నాన్నా, ఆయన మీ తల దగ్గరే ఉన్నారు. ఏమండీ, నాన్న మీ కాళ్ళ దగ్గరే ఉన్నారు. మీ ఇద్దరికీ నోళ్ళున్నాయి. మాట్లాడుకోండి, లేదా మానెయ్యండి. నాకు తలనొప్పి!"

అని తలుపు మూసేసింది.

మేమిద్దరం మాట్లాడుకోలేదు. మానెయ్యలేదు కూడా. సైగలతో బ్రేకులు పూర్తిచేశాం. ఆయన చెయ్యి ఎత్తితే తొక్కడం, దించితే వదలడం. పెళ్ళయ్యాక ఆయనా నేనూ అంతసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

ఆ సమ్మె సాగుతున్న రోజుల్లోనే నేను బ్యాటరీ పని చేశాను. కాస్త విడమర్చి చెబుతాను, ఎందుకంటే కథంతా ఇక్కడే చిక్కుకుంది. మన స్కూటర్లలో, కొత్త కార్లలో బ్యాటరీ నెగెటివ్ కొసని బండి ఒంటికి కలుపుతారు. ఆ కాలపు ఇంగ్లిష్ కార్లలో తిరకాసుగా పాజిటివ్‌ని కలిపేవారు. అత్తగారు దారిలో పాటలు వింటారని నేను ఎర్రకోట ఎదుటి ఎలక్ట్రానిక్స్ బజార్లో ఒక క్యాసెట్ ప్లేయరు కొన్నాను. దానికి కొత్త పద్ధతే కావాలి. అందుకని బ్యాటరీని తిప్పి పెట్టాను. తప్పేం లేదు, చాలామంది అలాగే చేస్తారు. కాకపోతే, తిప్పాక డైనమోకి ఆ కబురు అందించాలి. బ్యాటరీ నుంచి ఒక వైరు ముక్కతో దాన్ని క్షణం ముట్టించాలి. ఒక చిన్న మెరుపు. అంతే. ముట్టించకపోతే డైనమో తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీని మాత్రం నింపదు. ఈ ముట్టింపు సంగతి నాకు తెలియదు.

ఆయనకి తెలుసు. ఆ ఆదివారం వచ్చి బానెట్ ఎత్తి బ్యాటరీ వంక చూశారు. నా వంక చూశారు. అలవాటు కొద్దీ గుమ్మం వైపు తిరిగి, "అమ్మా, మీ ఆయన్ని అడుగు..." అన్నారు.

లోపల్నుంచి, "నేనడగను" అని వచ్చింది.

నేను ఛాతీ విరుచుకుని, "కరెంటు పనంతా అయిపోయింది మామయ్యగారూ. ఏదీ వదల్లేదు, అన్నీ చూశాను" అన్నాను. అన్నీ చూశానని అల్లుడే చెప్పాక, ఫలానాది చూసారా అని అడిగితే ఏమవుతుంది? అల్లుడి మాట నమ్మనట్టవుతుంది. ఆయన మెల్లిగా బానెట్ దించారు.

"బాగుంది బాబూ" అన్నారు.

ఆ మెప్పుకి నేను వారం రోజులు పొంగిపోయాను.

జనవరి ఆఖరి రోజు పొద్దున్న పొగమంచు ఇంకా విడలేదు. మా ఆవిడా నేనూ శాలువాలు కప్పుకుని, పైకప్పు లేని కారులో జనక్‌పురి నుంచి కంటోన్మెంటుకి బయల్దేరాం. లైట్లు వేశాను. దారి పొడుగునా హారన్ కొట్టాను, అవసరమై కొంత, ఆనందానికి కొంత. క్యాసెట్ ప్లేయరు పాడుతూనే ఉంది. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర దీపం ఒకటి బయల్దేరిన దగ్గర్నుంచి ఆరకుండా వెలుగుతోంది.

"అదేంటండీ?" అంది మా ఆవిడ.

"దీపం" అన్నాను. "శుభమే కదా."

వర్క్‌షాపు ముందు కారు ఆపి ఇంజిన్ కట్టేశాను. బంతిపూల దండలు కట్టారు. ముందు బంపరుకి రెండు లావుపాటి తాళ్ళు బిగించారు. బ్యాండు వాళ్ళు నిలబడ్డారు. మామగారు మెడనిండా దండలతో, ఇస్త్రీ చేసిన యూనిఫారంలో వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. పక్క సీట్లో అత్తగారు, పట్టుచీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా. ఆవిడకి కారు అంత కిందికి ఉండటం వింతగా ఉంది. "ఏటిది, నేల మీద కూకున్నట్టుంది" అన్నారు.

జవాన్లు తాళ్ళు పట్టారు. బ్యాండు మోగింది. కారు కదిలింది. గులకరాళ్ళ మీద చక్రాల చప్పుడు తప్ప ఇంజిన్ శబ్దం లేదు. రెండు వైపులా మనుషులు చప్పట్లు కొడుతున్నారు. మేమిద్దరం పక్కనే నడుస్తున్నాం. ఆయన ఎవరి వంకా చూడటం లేదు. గేటు వంకే చూస్తున్నారు.

గేటు ముందు ఆపారు. కమాండింగ్ ఆఫీసరు వచ్చి చెయ్యి కలిపాడు. బ్యాండు ఆగింది. ఇక తాళ్ళు విప్పాలి. మామగారు తాళంచెవి తిప్పి స్టార్టర్ పిడి లాగారు.

టక్.

మళ్ళీ లాగారు. టక్. ఈసారి ఇంకా చిన్నగా.

ఆయనకి ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ ఎర్ర దీపం నీరసంగా మిణుకుమంటోంది. ఆయన కళ్ళు అలవాటుగా కూతురి వైపు వెళ్ళాయి. ఆవిడ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని బిగుసుకుపోయింది. చుట్టూ వర్క్‌షాపు మొత్తం ఉంది. ముప్పయ్యేళ్ళు ఆయన కింద ఇంజిన్లు నేర్చుకున్న వాళ్ళు. ఒక జవాను తాడు ముడి విప్పడానికి వంగాడు.

మామగారు కూతురి మీంచి చూపు తిప్పి నేరుగా నన్ను చూశారు.

"డైనమోకి మెరుపు సూపించలేదేటి?"

"మెరుపేంటి?" అన్నాను.

"ఓరి నీ..." అని ఆగి, పళ్ళు బిగబట్టి, "ఎనక్కెళ్ళు! తొయ్యి! నేను సెప్పినప్పుడు గట్టిగా తొయ్యి!" అన్నారు. అంతటితో ఆగకుండా సీట్లోంచి సగం లేచి, పరేడ్ గ్రౌండ్ గొంతుతో, తాళ్ళు విప్పకుండా గేటు దాటేదాకా లాగమని జవాన్లకి వినిపించారు. "రస్సీ మత్ ఖోలో! ఖీంచో! గేట్ కే పార్ తక్ ఖీంచో! ఔర్ జోర్ సే!"

వాళ్ళకి అసలు సంగతేమీ తెలియదు. సుబేదార్ మేజర్ సాబ్‌కి వదిలి వెళ్ళాలని లేదు, ఇంకొంచెం లాగమంటున్నారు అనుకున్నారు. పెద్ద కేక పెట్టారు. తాళ్ళు బిగిశాయి. బ్యాండు వాళ్ళు కూడా ఉత్సాహపడి మళ్ళీ మొదలెట్టారు. నేను వెనక డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, కొట్లో బస్తాలు తోసిన చిన్ననాటి బలమంతా తెచ్చుకుని తోశాను. బంతిపూలు నా నోట్లోకి వస్తున్నాయి. పక్కన ఎవరో తోస్తున్నారు. చూస్తే మా ఆవిడ, చెప్పులు వదిలేసి, కొంగు నడుముకి దోపుకుని.

"ఇప్పుడు!" అని అరిచారాయన. క్లచ్ వదిలారు.

కారు ఒక్కసారి కుదుపుకుంది. నా గడ్డం డిక్కీకి కొట్టుకుంది. ఒక దగ్గు. ఇంకో దగ్గు. తర్వాత ఇంజిన్ అందుకుంది. ముందున్న జవాన్లు నవ్వుతూ తాళ్ళు వదిలేసి పక్కలకి దూకారు. తాళ్ళు రెండూ రోడ్డు మీద ఈడ్చుకుంటూ, దండలు గాలికి లేస్తూ, అత్తగారు రెండు చేతులతో శాలువా పట్టుకుని "ఓలమ్మో" అంటుండగా, ఎర్ర కారు గేటు బయట రోడ్డెక్కి పొగమంచులోకి వెళ్ళిపోయింది.

గేటు గీత దాటింది తాడు బలంతోనా, ఇంజిన్ బలంతోనా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. మా ఆవిడ ఇంజిన్ అంటుంది. నేను వెనక ఉన్నాను, నాకు కనిపించింది పూలే.

టీ తాగి వెళ్ళమని అందరూ పిలుస్తున్నారు. మేం క్వార్టర్‌కి నడిచి వెళ్ళి వాకిట్లో కూర్చున్నాం. సామానంతా కట్టేసిన ఇల్లు. ఆయన రాలేదు. ఎండ పైకెక్కింది. మధ్యాహ్నం వంటకి ఏం చేద్దామని మా ఆవిడ అడిగింది. నేను గడ్డం మీద తడిగుడ్డ పెట్టుకుని ఆలోచిస్తున్నాను. ఆ బ్యాటరీతో ఇంజిన్ ఒకసారి ఆగితే మళ్ళీ లేవదు. ఎక్కడో రోడ్డు పక్కన ఇద్దరూ నిలబడి ఉంటారు. వెతకడానికి మా దగ్గర ఒక సైకిల్ ఉంది.

"నాన్న మిమ్మల్ని తిట్టబోయారు" అంది మా ఆవిడ ఉన్నట్టుండి.

"అవును" అన్నాను. "సగంలో ఆపేశారు."

"బాధపడ్డారా?"

"మిగతా సగం ఏంటా అని."

ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నాకూ ఆగలేదు. కట్టిన పెట్టెల మధ్య ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నీడలు సాగే వేళకి కారు గొంతు వినిపించింది. మలుపు తిరిగి వచ్చి ఇంటి ముందు ఆగింది. ఇంజిన్ మాత్రం ఆగలేదు. ఇద్దరి మొహాలూ చలికి ఎర్రబడి ఉన్నాయి. అత్తగారి కొప్పు ఊడిపోయి జుట్టంతా భుజాల మీద పడింది. దండల్లో సగం లేవు. తాళ్ళు చుట్టచుట్టి సీటు వెనక పెట్టి ఉన్నాయి.

"ఎక్కడికెళ్ళారమ్మా?" అంది మా ఆవిడ.

"నన్నడుగుతావేటి? ఈయన్నడుగు!" అన్నారు అత్తగారు దిగడానికి అవస్థపడుతూ. "ధౌలాకువా అన్నాడు. ఇండియా గేటు అన్నాడు. దాని సుట్టూ గుడి సుట్టూ తిరిగినట్టు తిప్పాడు. అశోకా రోడ్డు కాడ మనోళ్ళ కేంటీన్లోంచి సాంబారు వాసన కొట్టింది. ఆపయ్యా, ఆకలేత్తంది అంటే ఆపితే లేవదంటాడు. ఎర్ర లైటు పడితే గుండె పట్టుకుంటాడు. ఆకరికి ఒక సెట్టు కింద పక్కకి పెట్టి, ఇంజిన్ నడుత్తూనే ఉంది, నా కొప్పులో పిన్ను ఇమ్మన్నాడు. నడి రోడ్డు మీద! దాంతో ఏదో గెలికాడు, మెరిసింది. అందరూ సూత్తన్నారు, నా జుట్టు ఇలగ..."

నేను కారు దగ్గరికెళ్ళి లోపలికి తొంగి చూశాను. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. డైనమోకి కబురు అందింది. బ్యాటరీ నిండుతోంది. ఇక ఎక్కడ ఆపినా లేస్తుంది. ఆ చెట్టు దాటి కాస్త దూరం వచ్చినప్పటి నుంచే లేచేది. అశోకా రోడ్డుకి వెనక్కెళ్ళి భోంచేసి రాగలిగేవారు. ఆయన ఇంజిన్ ఆపలేదు, అంతే.

ఆ కారు చాలా ఏళ్ళు మా దగ్గరే ఉంది. ర్యాలీల పెద్దమనిషి ఎన్నోసార్లు అడిగాడు, ఎడమ తలుపు రంగు ఎత్తి చూపి తగ్గించబోయాడు కూడా. నేను ధర చెప్పేవాణ్ణి కాదు. ధర చెబితే బేరం మొదలవుతుంది. మొదలైన బేరాన్ని వదిలే శక్తి మా వంశంలో లేదు.

ఆ సాయంత్రం మామగారు స్టీరింగ్ మీద చేతులు తియ్యకుండా కూర్చున్నారు. నన్ను చూశారు. నా గడ్డం మీద కమిలిన మచ్చని చూశారు. ఏదో అనబోయారు. తర్వాత మెడ నిమురుకుని, గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగారు.

"అమ్మా, ఇంజిన్ ఆపీమంటాడేటో మీ ఆయన్ని అడుగు."

మా ఆవిడ నడుం మీద చేతులు వేసుకుంది. సమ్మె సంగతి గుర్తుచేస్తుందనుకున్నాను. కాని ఆవిడ నా వైపు తిరిగి, స్కూల్లో పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో, "ఏమండీ, నాన్న ఇంజిన్ ఆపమంటారా అని అడుగుతున్నారు" అంది.

నేను అత్తగారు దిగిన సీటు తలుపు, ఆ సిగ్గుపడే తలుపు, తీసుకుని లోపల కూర్చున్నాను. ఆయనకీ నాకూ మధ్య గేరు రాడ్డు తప్ప ఏమీ లేదు.

"ఆపొద్దని చెప్పు" అన్నాను.